చమురు కాల్చే ఇళ్లు: పొదుపుకు పెట్టుబడి ఎవరు పెట్టాలి?

మన పిల్లలు న్యూజెర్సీలోనో, కనెక్టికట్‌లోనో, బోస్టన్ చుట్టుపక్కలో పాత ఇల్లు కొనుక్కుంటే, ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఒక పెద్ద ఇనుప ట్యాంకు ఉండే అవకాశం ఉంది. మామూలుగా దాని కొలత 275 గ్యాలన్లు. అంటే వెయ్యి లీటర్ల పైమాటే. చలికాలంలో ట్యాంకర్ వచ్చి ఇంటి గోడకున్న గొట్టంలోంచి చమురు పోసి, రసీదు తలుపుకు తగిలించి వెళ్తుంది. ఆ చమురు బాయిలర్‌లో మండుతుంది, వేడినీళ్లో వేడిగాలో గది గదికీ చేరుతుంది. దీన్నే అక్కడ హీటింగ్ ఆయిల్ అంటారు. దాదాపు మన డీజిల్ లాంటిదే. అమెరికాలో సుమారు 50 లక్షల ఇళ్లు ఇప్పటికీ చలికాలం దీనిమీదే గడుపుతున్నాయి. వాటిలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఈశాన్య రాష్ట్రాల్లోనే ఉన్నాయి. మెయిన్ రాష్ట్రంలో దాదాపు సగం ఇళ్లకు ఈ చమురే దిక్కు.

ఈ ఇళ్లలో చమురు వాడకం తగ్గించడం ఎలాగో అందరికీ తెలుసు. దానికి కావలసిన డబ్బు ఎక్కడినుంచి రావాలన్నదే దశాబ్దాలుగా తేలని సంగతి. ఈ రోజు ప్రసంగం దాని గురించే.

ముందు పని ఏమిటో చూద్దాం. చలిదేశపు ఇంట్లో వేడిగాలి తేలికై పైకి లేస్తుంది. అటకలో ఉన్న సందుల్లోంచి బయటికి పోతుంది. అది పోయిన మేరకు కింద పునాది పగుళ్లలోంచి, తలుపుల అంచుల్లోంచి చల్లగాలి లోపలికి చొరబడుతుంది. కిటికీలు ఎంత మంచివైనా అటక తెరిచి ఉంటే లాభం లేదు. అందుకే ముందుగా పరీక్ష చేస్తారు. వీధి తలుపు చట్రానికి పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలిని బయటికి తోడతారు. అప్పుడు సందు ఎక్కడుందో అక్కడ బయటి గాలి ఈల వేస్తూ లోపలికి దూరుతుంది. ఆ సందులన్నీ మూసి, అటక మీద, గోడల లోపల పాత కాగితాలతో చేసిన సెల్యులోజ్ పొడి దట్టించి, అరిగిపోయిన బాయిలర్ ఉంటే మారుస్తారు. ఇదీ పని. ఇందులో అంతుబట్టని సాంకేతికత ఏమీ లేదు.

అయితే ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. ఏడాదికి 700 గ్యాలన్లు కాలుస్తుంది. గ్యాలన్ 4 డాలర్లు అనుకుంటే ఏడాది ఖర్చు 2,800 డాలర్లు. 8,000 డాలర్లు పెట్టి పైన చెప్పిన పనులు చేయిస్తే ఐదో వంతు చమురు మిగులుతుందనుకోండి. ఏడాదికి 560 డాలర్లు ఆదా. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు దాటుతుంది. చేతిలో 8,000 డాలర్లు ఉన్నవాడు కూడా ఆలోచిస్తాడు. చలికాలం మధ్యలో నూరు గ్యాలన్లు పోయించుకోవడానికే అప్పు వెతుక్కునేవాడు ఆలోచించనైనా ఆలోచించడు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. చివరిదాకా మనకు పనికొస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న. కరెంటు పొదుపుకు డబ్బు దొరికినప్పుడు చమురు పొదుపుకు ఎందుకు దొరకదు?

మన ఎల్‌ఈడీ బల్బుల సంగతే తీసుకోండి. ఉజాలా పథకం 2015 జనవరిలో దేశమంతటా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లోనే బల్బుల పంపిణీ ఆరంభమైంది. ఇంటివాడు బల్బు మొత్తం ధర ఒక్కసారి కట్టనక్కర్లేకుండా, మొదట కొద్ది రూపాయలు కట్టి, మిగతాది నెలకు పది రూపాయల చొప్పున కరెంటు బిల్లులో కట్టుకునే సదుపాయం పెట్టారు. ప్రభుత్వ రంగ సంస్థ కోట్ల సంఖ్యలో బల్బులు ఒక్కసారిగా టెండరు పిలిచి కొంది. దాంతో 310 రూపాయలున్న కొనుగోలు ధర కొద్ది ఏళ్లలోనే 40 రూపాయల లోపుకి దిగింది. ఇదంతా సాధ్యమైంది ఎందువల్ల? ప్రతి ఇంటికీ మీటరుంది. నెలనెలా బిల్లొస్తుంది. బిల్లు వసూలు చేసే సంస్థ ఒకటే. దానిమీద నియంత్రణ మండలి ఉంది. డబ్బు పోయడానికైనా తోడడానికైనా ఒక గొట్టం సిద్ధంగా ఉంది.

అమెరికాలోనూ కరెంటుకు అదే సౌలభ్యం ఉంది. వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం 2000లో 'ఎఫిషియన్సీ వెర్మాంట్' పేరుతో పొదుపు కోసమే ఒక సంస్థను నిలబెట్టింది. ప్రతి కరెంటు బిల్లులో పొదుపు రుసుము అని ఒక వరుస చేర్చి ఆ డబ్బుతో దాన్ని నడిపింది. పైపులో వచ్చే గ్యాసుకూ దాదాపు ఇదే పద్ధతి. చమురు మాత్రం వేరు. చమురు అమ్మేది వందలాది చిన్న వ్యాపారులు. చాలావరకు తాత తండ్రుల నాటి కుటుంబ దుకాణాలు. వాళ్ల ధర నిర్ణయించే మండలి లేదు. మీటరు లేదు. ఈ ట్యాంకు ఒకరి దగ్గర, వచ్చే ట్యాంకు ఇంకొకరి దగ్గర పోయించుకోవచ్చు. కాబట్టి ఒక రుసుము వేయడానికి గానీ, ఒక వాయిదా వసూలు చేయడానికి గానీ అందరికీ ఉమ్మడిగా ఒక బిల్లంటూ లేదు.

దీని ఫలితం విచిత్రంగా తయారైంది. గ్యాసు పైపు చేరని పల్లెటూరి పేద ఇల్లు కరెంటు బిల్లులో పొదుపు రుసుము ప్రతి నెలా కడుతుంది. దానికి ప్రతిఫలంగా బల్బుల మీద, ఫ్రిజ్ మీద రాయితీ దొరుకుతుంది. కానీ ఆ ఇంటిని నిజంగా కుంగదీసే ఖర్చు కరెంటు కాదు, చలికాలపు చమురు. ఆ ఖర్చు తగ్గించడానికి మాత్రం అలాంటి నిలకడైన ఖాతా ఏదీ లేదు.

ఈ లోటు పూడ్చడానికి ఇంతవరకు ఐదు దారులు తొక్కి చూశారు. ఒక్కొక్కటీ పరిశీలిద్దాం.

మొదటి దారి సర్కారు ఖజానా. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక అమెరికాకు పొదుపు గుర్తుకొచ్చింది. 1976లో 'వెదరైజేషన్' పథకం చట్టంగా వచ్చింది. ఆదాయం తక్కువున్న కుటుంబాల ఇళ్లకు వెళ్లి, సందులు మూసి, ఇన్సులేషన్ నింపి వస్తారు. ఇంటివాళ్లు పైసా కట్టనక్కర్లేదు. ఇప్పటివరకు 70 లక్షలకు పైగా ఇళ్లు దీనివల్ల బాగుపడ్డాయి. ప్రభుత్వం పెట్టిన ఖర్చు నేరుగా అవసరమున్నవాడి ఇంటికే చేరే పథకాల్లో ఇదొకటి.

దీనికి తోడు 1981లో ఇంకో పథకం వచ్చింది. లైహీప్ అంటారు. చమురు కొనుక్కోవడానికి పేద కుటుంబాలకు ఇచ్చే సాయం అది. చలికి ప్రాణం నిలవాలంటే అది ఉండి తీరాలి. కాని సాయంగా పోయించిన చమురు ఆ కన్నాల ఇంట్లోంచే ఆవిరైపోతుంది. ఏటేటా అదే ఇంటికి మళ్లీ మళ్లీ పోయాలి. చిల్లికుండలో నీళ్లు పోయడమే. చిల్లి మూయడానికి ఆ నిధిలోంచి రాష్ట్రాలు మామూలుగా వాడుకోగలిగేది 15 శాతం. ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటే 25 శాతం.

ఖజానా డబ్బుతో ఉన్న అసలు చిక్కు నిలకడ లేకపోవడం. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు, 2009లో, వెదరైజేషన్‌కు ఒక్కసారిగా 500 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2021లో మౌలిక సదుపాయాల చట్టం కింద మరో 350 కోట్లు. మధ్య సంవత్సరాల్లో గుప్పెడు గింజలు. ఇళ్లకు ఇన్సులేషన్ వేయడం నేర్పు కావలసిన పని. డబ్బు వరదలా వచ్చినప్పుడు పనివాళ్లను చేర్చుకుని, ఎండిపోగానే ఇంటికి పంపేస్తే ఆ నేర్పు ఊళ్లో నిలవదు.

పన్ను రాయితీల కథ కూడా అంతే. ఇన్సులేషన్ వంటి వాటికి పెట్టిన ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల దాకా, ఆదాయపు పన్నులో తగ్గించుకునే వీలు 2022 చట్టం కల్పించింది. చమురు బదులు కరెంటుతో ఇంటిని వేడిచేసే హీట్ పంపుకైతే 2,000 డాలర్ల దాకా. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టం ఆ రాయితీని అదే ఏడాది చివరితో ముగించింది. పోనీ అది ఉన్నన్నాళ్లైనా ఎవరికి ఉపయోగపడింది? పన్ను కట్టేవాడికి. కట్టాల్సిన పన్నే లేని పేదవాడు దేంట్లోంచి తగ్గించుకుంటాడు?

రెండో దారి, చమురు మీదే సెస్సు. ఏ ఇంధనం పొదుపు చేయాలో దాని మీదే కొంచెం వసూలు చేసి, దాన్ని కాల్చే ఇళ్లకే ఖర్చు పెట్టడం. న్యాయంగా చూస్తే ఇదే సూటి అయిన దారి. వసూలు చేయడం కష్టమనే వాదన నిలవదు. 2000లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం కింద చమురు వ్యాపారులే తమ పరిశోధనల కోసం, మెకానిక్కుల శిక్షణ కోసం గ్యాలన్‌కు సెంటులో ఐదో వంతు వసూలు చేసుకుంటున్నారు. టోకు వ్యాపారి దగ్గరే పట్టుకుంటే చిల్లర దుకాణాల వెంట తిరగనక్కర్లేదు.

వెర్మాంట్ 1990లోనే ఇంధన అమ్మకాల మీద చిన్న పన్ను వేసి, వెదరైజేషన్ కోసం విడిగా ఒక ట్రస్టు నిధి ఏర్పాటు చేసింది. 2016 నుంచి హీటింగ్ ఆయిల్, ప్రొపేన్, కిరోసిన్ మీద గ్యాలన్‌కు 2 సెంట్ల చొప్పున తీసుకుంటోంది. మన లెక్కలోని 700 గ్యాలన్ల ఇంటికి అది ఏడాదికి 14 డాలర్లు. భరించలేనిదేమీ కాదు. అయితే ఆ నిధితో ఏటా కొద్ది ఇళ్లే పూర్తవుతాయి. 2008లో వెర్మాంట్ శాసనసభ 2020 నాటికి 80,000 ఇళ్లు బాగుచేస్తామని చట్టంలో రాసుకుంది. లక్ష్యం రాసుకున్నారు గాని దానికి సరిపడా డబ్బు రాసుకోలేదు. 2020 వచ్చేసరికి ఆ సంఖ్య చాలా దూరంలో ఉండిపోయింది.

మధ్యలో ప్రయత్నాలు జరగలేదని కాదు. 2013లో అప్పటి గవర్నర్ పీటర్ షమ్లిన్ చమురు మీద పన్ను పెంచడం ఇష్టంలేక, క్లబ్బుల్లో, బార్లలో అమ్మే లాటరీ తరహా టికెట్ల మీద పన్ను వేసి ఆ డబ్బు ఇళ్ల పొదుపుకు వాడదామన్నారు. శాసనసభకు అది నచ్చలేదు. శాసనసభ్యులు కొందరు ఇంధనం మీదే వేద్దామంటే గవర్నర్‌కు నచ్చలేదు. చమురు ధర ఎక్కువున్నప్పుడు పన్ను వేయలేమంటారు. తక్కువున్నప్పుడు పొదుపు ఎవరికీ గుర్తురాదు. ఈ రెండు మాటల మధ్యే ఏళ్లు గడిచిపోయాయి.

ఈ ముడిని ఐర్లాండ్ కొంత నేర్పుగా విప్పింది. అక్కడ ప్రతి పది ఇళ్లలో దాదాపు నాలుగు చమురుతోనే వెచ్చబడతాయి. 2010లో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 15 యూరోలతో పన్ను మొదలుపెట్టారు. 2030 నాటికి 100 యూరోలకు చేరేలా ఏ ఏడాది ఎంత పెరగాలో 2020లో చట్టంలోనే రాసేశారు. ఇంటి ఇంధనాల మీద పెంపు మే నెలలో అమల్లోకి వస్తుంది. చలికాలం వెళ్లిపోయాక కనుక దెబ్బ వెంటనే తగలదు. వచ్చే చలికాలానికి సిద్ధపడే వ్యవధి దొరుకుతుంది. పెరిగిన మేర వచ్చే డబ్బును సంక్షేమ చెల్లింపులకు, ఇళ్ల మరమ్మతులకు, రైతులకు అని ముందే పంచిపెట్టారు. 2030 లోపు 5 లక్షల ఇళ్లను మంచి స్థాయికి తేవాలని లక్ష్యం పెట్టుకున్నారు. సంక్షేమ సాయం పొందే సొంతింటి వారికి పని పూర్తిగా ఉచితం. పన్ను ఎంత పడుతుందో, ఎందుకు పడుతుందో, ఎక్కడికి పోతుందో జనానికి ముందే తెలియడం ఆ పద్ధతిలోని బలం.

మూడో దారి, పక్క ఇంధనం డబ్బు. ఇది కాస్త విడమర్చి చెప్పాలి. ఈశాన్య రాష్ట్రాలు కొన్ని కలిసి 2008 సెప్టెంబరులో మొదటిసారి కార్బన్ అనుమతుల వేలం పెట్టాయి. కరెంటు తయారుచేసే కర్మాగారం ఎంత పొగ వదిలితే అన్ని అనుమతులు కొనుక్కోవాలి. వేలం డబ్బు రాష్ట్రాలకు వస్తుంది. వెర్మాంట్ తన వాటాను ఇళ్ల వేడి ఖర్చు తగ్గించే పనులకు మళ్లించింది. దానికి ఇంకొకటి కలిపింది. న్యూ ఇంగ్లండ్ కరెంటు గ్రిడ్‌లో, గరిష్ఠ వాడకం వేళ కరెంటు డిమాండు తగ్గించినవారికి కొత్త కర్మాగారం కట్టినంత విలువ కట్టి డబ్బిస్తారు. ఎఫిషియన్సీ వెర్మాంట్ బల్బులు మార్పించి తగ్గించిన డిమాండుకు ఆ మార్కెట్‌లో వచ్చిన సొమ్మును కూడా చమురు ఇళ్లకు ఖర్చు పెట్టారు. కొత్త పన్ను లేకుండా డబ్బు పుట్టింది.

మసాచుసెట్స్‌లో 'మాస్ సేవ్' అనే కార్యక్రమం ఉంది. కరెంటు, గ్యాసు కంపెనీలు తమ వాడకందారుల నుంచి తీసుకునే రుసుముతో నడుస్తుంది. అక్కడ చమురు కాల్చే ఇంటివాడు కూడా, ఆ కంపెనీల కరెంటు వాడుతున్నవాడైతే, ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు. ఇన్సులేషన్ ఖర్చులో 75 శాతం, ఆదాయం తక్కువైతే మొత్తం, కార్యక్రమమే భరిస్తూ వచ్చింది. మిగిలిన దానికి వడ్డీలేని అప్పు దొరుకుతుంది.

కరెంటువాడి డబ్బు చమురువాడికి ఎందుకని అడిగేవారున్నారు. ఒకప్పుడు ఆ ప్రశ్నలో బలం ఉండేది. హీట్ పంపులు వచ్చాక తగ్గింది. హీట్ పంపంటే వెనక్కి తిప్పిన ఏసీ. బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడిని కూడా పిండి లోపలికి తెస్తుంది. చమురు మానేసి అది పెట్టించుకున్న ఇల్లు కరెంటు కంపెనీకి పెద్ద ఖాతాదారు అవుతుంది. మెయిన్ రాష్ట్రం 2019లో, 2025 నాటికి లక్ష హీట్ పంపులు పెట్టిస్తామంది. రెండేళ్లు ముందుగానే, 2023లో, ఆ లెక్క పూర్తిచేసి లక్ష్యాన్ని ఇంకా పెంచింది. అంతటి చలి రాష్ట్రంలో అది నడిచిందంటే మిగతాచోట్ల నడవదనడానికి లేదు. కాకపోతే వరస తప్పకూడదు. సందులు మూయని ఇంట్లో హీట్ పంపు పెడితే కారిపోయేది చమురుకు బదులు కరెంటు అవుతుంది.

నాలుగో దారి అప్పు. ఆదా అయ్యే డబ్బుతోనే అప్పు తీరుతుంది, ప్రభుత్వానికి ఖర్చు ఉండదు అని చెబుతారు. వినడానికి ఎంత బాగుందో ఆచరణలో అంత ఇబ్బంది పెట్టింది ఇదే. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం 2008లో ఒక కొత్త పద్ధతి తెచ్చింది. అప్పును మనిషి మీద కాక ఇంటి మీద వేసి, ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేయడం. ఇల్లు అమ్మితే వాయిదాలు కొన్నవాడికి బదిలీ అవుతాయి. చమురు ఇంటికి కరెంటు బిల్లు లాంటి ఉమ్మడి బిల్లు లేదన్న లోటు దీనితో తీరుతుందనుకున్నారు. వెర్మాంట్ కూడా 2009లో చట్టం చేసింది. కాని 2010లో గృహరుణాలను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ అడ్డు చెప్పింది. ఆస్తి పన్ను బకాయి ఇంటి లోను కంటే ముందు వరసలో నిలుస్తుంది కాబట్టి, లోను ఇచ్చిన బ్యాంకుకు అది ప్రమాదమంది. చాలా రాష్ట్రాల్లో ఇళ్లకు ఆ పథకం అక్కడితో ఆగిపోయింది.

బ్రిటన్ అనుభవం ఇంకా గట్టిది. 2013 జనవరిలో 'గ్రీన్ డీల్' అని ఆర్భాటంగా మొదలుపెట్టారు. ఇంట్లో పని చేయించుకో, వాయిదా కరెంటు బిల్లులో కట్టుకో, నీ ఆదా కంటే వాయిదా మించదు అన్నారు. చమురు ఇళ్లకు కూడా వాయిదా కరెంటు బిల్లులోనే. వడ్డీ మాత్రం 7 శాతం పైనే. రెండున్నరేళ్లకు, 2015 జులైలో, ప్రభుత్వం చేతులెత్తేసింది. అప్పటికి ఆ పథకం కింద అప్పు తీసుకున్న ఇళ్లు 14,000 మాత్రమే.

ఎందుకలా అయిందో మన లెక్కతోనే చూడండి. పని ఖర్చు 8,000 డాలర్లు. ఆదా ఏడాదికి 560. మొత్తం ఖర్చుకు 7 శాతం వడ్డీతో పదేళ్ల అప్పు తీసుకుంటే ఏడాదికి 1,115 డాలర్లు కట్టాలి. ఆదాకు దాదాపు రెట్టింపు. సగం గ్రాంటు ఇచ్చి మిగతా 4,000కు అదే వడ్డీకి అప్పిస్తే ఏడాదికి 557. ఆదా అంతా వాయిదాకే సరి. ఇంటివాడికి మిగిలేది మూడు డాలర్లు. అదే 4,000 వడ్డీలేకుండా ఇస్తే ఏడాదికి 400 కడతాడు, 160 మిగుల్చుకుంటాడు. గ్రాంటు లేని అప్పు, వడ్డీ భారంతో వచ్చే అప్పు, రెండూ ఈ పనికి కొరగావు. సగం దాకా గ్రాంటు, మిగతాదానికి వడ్డీలేని అప్పు, ఇవి జత కలిసినప్పుడే మధ్యతరగతి ఇల్లు ముందుకొస్తుంది.

ఐదో దారి, అమ్మేవాడి మీద బాధ్యత. చమురు అమ్మితే సరిపోదు, ఇంత మేర పొదుపు కూడా చేయించి చూపించు అని చట్టం చేయడం. ఐర్లాండ్ 2014 నుంచి పెద్ద ఇంధన కంపెనీలకు, చమురు కంపెనీలు సహా, ఏటా పొదుపు లక్ష్యాలు పెడుతోంది. వెర్మాంట్ 2023లో ఇలాంటి చట్టం చేసింది. చమురు దిగుమతి చేసేవాళ్లు ఇళ్లకు ఇన్సులేషన్ వేయించో, హీట్ పంపులు పెట్టించో పాయింట్లు సంపాదించాలి. లేదా సంపాదించినవారి దగ్గర కొనుక్కోవాలి. గవర్నర్ ఫిల్ స్కాట్ వీటో చేస్తే, శాసనసభ ఆ వీటోను తోసిపుచ్చి మరీ నెగ్గించింది. కాని గ్యాలన్ ధర ఎంత పెరుగుతుందోనని జనంలో భయం పుట్టింది. వివరాలు తేల్చే పని అప్పగించిన కమిషనే 2025 ఆరంభంలో, ఇంత చిన్న రాష్ట్రానికి ఇంత చిక్కు ఏర్పాటు తగదని తేల్చింది. ఇంధనం మీద నేరుగా రుసుము వేసి, ఇప్పటికే ఉన్న సంస్థలతో పని చేయించడమే సులువన్నట్టు సూచించింది. తిరిగి తిరిగి రెండో దారికే వచ్చారన్నమాట.

ఇన్ని అనుభవాల నుంచి నాకు తోచిన తీర్పు చెబుతాను.

పునాది డబ్బు ఇంధనం మీద వేసే సెస్సు నుంచే రావాలి. అది చిన్నదైనా ఏటా వచ్చేదిగా ఉండాలి. చట్టంలో ముందే రాసి ఉండాలి. ఆ డబ్బు వేరే ఖర్చులకు మళ్లకుండా కట్టడి ఉండాలి. సర్కారు గ్రాంటు వచ్చిన ఏడాది పని వేగం పెరుగుతుంది. రాని ఏడాది సెస్సు డబ్బుతో పనివాళ్లు నిలబడతారు. కరెంటు వైపు నుంచి వచ్చే వేలం డబ్బు, రుసుములు హీట్ పంపుల దశకు వాడుకోవాలి. అప్పు అనేది చివర చేరాల్సిన అంశం. మనం చూసిన ఉదాహరణల్లో దాన్ని మొదట పెట్టిన పథకాలు నిలదొక్కుకోలేదు.

సెస్సు మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. చమురు మీద పన్ను ధనికుడి కంటే పేదవాడికే బరువు. పేద ఇంట్లో కన్నాలు ఎక్కువ, బాయిలర్ పాతది, ఆదాయంతో పోలిస్తే చమురు ఖర్చు పెద్దది. ఆ మాట నిజమే. అందుకే సెస్సు డబ్బు ఖర్చు చేసే వరసలో ఆ ఇళ్లే ముందుండాలి. 14 డాలర్లు కట్టిన పేద ఇంటికి 8,000 డాలర్ల పని ఉచితంగా జరిగితే ఆ పన్ను అతనికి అన్యాయం కాదు. డబ్బు వసూలైన పదేళ్లకు కూడా అతని వంతు రాకపోతే అప్పుడది అన్యాయమే. వెర్మాంట్‌లోనైనా మరెక్కడైనా ఈ పన్నులకు జనం ఎదురు తిరగడంలో ఈ ఆలస్యం పాత్ర తక్కువేమీ కాదు.

అద్దె ఇళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఇల్లు బాగుచేయాల్సింది యజమాని. చమురు బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది అయినప్పుడు ఎవరూ కదలరు. గ్రాంటు తీసుకున్న యజమాని కొన్నేళ్లు అద్దె పెంచకూడదనే షరతుతో ఇస్తేనే ఆ డబ్బు లోపల వణుకుతున్నవారికి చేరుతుంది.

చివరగా, అక్కడ ఇల్లున్న మన వాళ్లకు, వాళ్ల పెద్దలకు రెండు మాటలు. పాత ఇల్లు కొనేముందు అది దేనితో వేడెక్కుతుందో అడగండి. నేలలో పాతిపెట్టిన పాత చమురు ట్యాంకు ఉందేమో పరీక్ష చేయించండి. అది కారి ఉంటే మట్టి శుభ్రం చేసే ఖర్చు కొన్నవాడి నెత్తినే పడే ప్రమాదం ఉంది. కరెంటు బిల్లులో పొదుపు రుసుము వరస ఉందేమో చూడండి. ఉంటే ఆ డబ్బు మీరు ఇప్పటికే కడుతున్నారు. మీ రాష్ట్రంలో ఉచిత పరీక్ష, గ్రాంటు, వడ్డీలేని అప్పు ఏమేం ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కోవడం మీ హక్కు. ఆ ఫోన్ మంచు పడ్డాక కాకుండా ఎండాకాలంలోనే చేయండి. అప్పుడు పనివాళ్లు దొరుకుతారు, వరసలో ముందుంటారు. కొత్త బాయిలర్‌కు గాని, హీట్ పంపుకు గాని బేరమాడేముందు అటక ఎక్కి ఇన్సులేషన్ ఎంత మందం ఉందో కొలిపించండి. ఈ పనులన్నిటిలో మొదట చేయించాల్సింది అదే.